బాతు ఇంటి తాళంచెవి



ఈ నెల మిమ్మల్ని కోనసీమలోని కొత్తపేటకు తీసుకుపోతాను. కోనసీమ అనగానే కొబ్బరితోటలూ, పూతరేకులూ, పులస చేపా మీకు గుర్తుకు వస్తాయి. అవన్నీ దారిలో ఎలాగూ తగులుతాయి. కాని మనం చూడబోయే అసలు వింత వేరు. అది కంటికి ఆనదు. అటువంటివి పదివేలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు అవుతుంది. దాని ఒంటిమీద ముళ్ళు ఉంటాయి. ఆ ముళ్ళ కథ తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

ముందు దారి చెబుతాను. ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ అనే పాయ విడిపోతుంది. ఈ పాయల నడుమ, సముద్రం దాకా పరుచుకొని ఉన్న నేలే కోనసీమ. దీనికి వాకిలి రావులపాలెం. అక్కడ అరటిగెలల సంత చూసి, అమలాపురం వైపు వెళ్ళే బస్సు ఎక్కితే కొంతసేపటికే కొత్తపేట వస్తుంది. కిటికీ పక్కన కూర్చోండి. ఒక పక్క కొబ్బరితోటలు, తోటల నీడన అరటి. మరొక పక్క వరిచేలు. నడుమ పంట కాలువలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన నాటినుంచి ఈ కాలువలే ఈ సీమకు ప్రాణం.

కొత్తపేటకు రెండు విశేషాలు ఉన్నాయి. ఒకటి సంక్రాంతినాటి ప్రభల తీర్థం. రెండవది విగ్రహాలు. రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాల ఈ ఊళ్ళోనే ఉన్నది. ఎన్నో ఊళ్ళ కూడళ్ళలో మీరు చూసే నాయకుల విగ్రహాలు ఇక్కడ రూపు దిద్దుకొన్నవే. ఈ శిల్పశాలను మనసులో ఉంచుకోండి. కాసేపటికి దానితో పని పడుతుంది. దగ్గరలోనే పలివెల ఉన్నది; అక్కడి ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి చూడదగినది.

ఇక చేల గట్టుకు రండి. కోతలు అయిపోయి, చేలో ఇంకా కాస్త నీరు నిలిచి ఉన్న రోజుల్లో గోదావరి జిల్లాలలో ఒక ముచ్చట కనిపిస్తుంది. వందలకొద్దీ బాతులు బారులు తీరి చేలో దిగుతాయి. వెనక ఒక కాపరి చేత కర్ర పట్టుకొని నడుస్తూ ఉంటాడు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తిని అవి కడుపు నింపుకొంటాయి. వాటి రెట్ట చేనుకు ఎరువు అవుతుంది. ఒక ఊరి చేను అయిపోగానే మంద మరొక ఊరికి సాగుతుంది. శీతకాలంలో వీటికి తోడు దూరదేశాలనుంచి వలస బాతులు కూడా వస్తాయి. మధ్య ఆసియా నుంచి హిందూ దేశానికి వచ్చే పక్షుల దారి మన మీదుగానే ఉన్నది. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులలోనూ, కొల్లేటిలోనూ అవి విడిది చేస్తాయి.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. ఒక్కొక్కప్పుడు ఆ బాతుల కడుపులో ఒక వైరస్ ఉంటుంది. బాతుకు చాలాసార్లు దానివల్ల ఏ బాధా ఉండదు. ఈదుతుంది, తింటుంది, ఎగురుతుంది. అదే కుటుంబపు వైరస్ కోళ్ళ ఫారంలో ప్రవేశించి, ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజులలో వేల కోళ్ళను పడగొడుతుంది. బాతుకు అంతగా పట్టనిది కోడికి మృత్యువు ఎందుకైనది?

ఇది పుస్తకాలలోని ప్రశ్న కాదు. 2025 ఫిబ్రవరిలో కొత్తపేటకు పడమటగా, వశిష్ఠకు ఆవలి ఒడ్డున ఈ ముప్పు వచ్చిపడింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. నమూనాలు భోపాలులోని ప్రయోగశాలకు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. ఫారం చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళను తీసివేశారు. పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిపాప ఇదే వైరస్ సోకి మరణించింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దానిని నిర్ధారించింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివారు చెప్పారు. కనుక ఈ కథను శ్రద్ధగా వినండి.

వైరస్ అంటే ఏమిటి? అది పురుగు కాదు, సూక్ష్మజీవులలోకెల్లా విచిత్రమైనది. తనంత తాను తినలేదు, పెరగలేదు, పిల్లలను పెట్టలేదు. ఏదో ఒక ప్రాణి కణంలో దూరితేనే దానికి బ్రతుకు. ఫ్లూ వైరస్ లోపల తాటాకు చుట్టల వంటివి ఎనిమిది ఉంటాయి. వాటికి ఆర్.ఎన్.ఏ. అని పేరు. ఎనిమిదింటిలోనూ కలిపి సుమారు 13,500 అక్షరాలు ఉంటాయి. వైరస్ ఎలా తయారు కావాలో అందులో వ్రాసి ఉంటుంది. ఆ చుట్టలను కప్పుతూ పలచని కొవ్వు పొర ఉంటుంది. పొరమీద మాంసకృత్తులతో చేసిన ముళ్ళు వందలకొద్దీ పొడుచుకొని ఉంటాయి.

ఈ ముళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి దాని పేరు హెమాగ్లుటినిన్. పేరు పొడుగు గనుక శాస్త్రజ్ఞులు హెచ్ అంటారు. రెండవది న్యూరామినిడేజ్, దానిని ఎన్ అంటారు. పక్షులలో పదహారుకు పైగా హెచ్ రకాలు, తొమ్మిది ఎన్ రకాలు కనిపించాయి. హెచ్5ఎన్1 అని వార్తాపత్రికలలో చదివినప్పుడు, అయిదవ రకం హెచ్, మొదటి రకం ఎన్ కల వైరస్ అని అర్థం.

ఇంటికి తాళం ఉన్నట్టే కణానికీ తాళం ఉంటుంది. ప్రతి కణం మీదా చక్కెర గొలుసులు వేలాడుతూ ఉంటాయి. గొలుసు కొసను సియాలిక్ ఆమ్లం అనే పూస ఉంటుంది. ఆ కొస పూసే తాళం. హెచ్ ముల్లు దాని తాళంచెవి. చెవి తాళంలో సరిగా కూర్చుంటే వైరస్ కణంలోకి పోతుంది. మరి ఎన్ ముల్లు ఏం చేస్తుంది? అది కత్తెర. లోపల తయారైన కొత్త వైరసులు బయటికి వచ్చేటప్పుడు అవే గొలుసులకు అంటుకుపోకుండా కత్తిరించి విడిపిస్తుంది. ఒకటి తగులుకోవడానికి, ఒకటి విడిపించుకోవడానికి అన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. కొస పూస గొలుసుకు అతుక్కోవడంలో రెండు పద్ధతులు ఉన్నాయి. బాతు పేగులలో ఎక్కువగా మొదటి పద్ధతి. మన ముక్కులో, గొంతులో ఎక్కువగా రెండవ పద్ధతి. అవే పూసలు, అదే గొలుసు. వంపు మాత్రమే వేరు. ఆ వంపు వల్ల బాతు ఇంటి తాళంచెవి మన ముక్కు తాళంలో సరిగా కూర్చోదు. మనం ఇన్ని బాతుల నడుమ, ఇన్ని కోళ్ళ నడుమ తిరుగుతూ కూడా ఈ జబ్బున సామాన్యంగా పడకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

అయితే తాళంచెవి ఎల్లకాలమూ ఒకేలాగా ఉండదు. ఇప్పుడు శిల్పశాలకు రండి. శిల్పి మొదట మట్టితో బొమ్మ చేస్తాడు. దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో పోత పోస్తాడు. అచ్చులో ఎక్కడైనా ఒక చిన్న నొక్కు పడితే, ఆ తరువాత పోసిన బొమ్మలన్నింటికీ ఆ నొక్కు వస్తుంది. శిల్పి దానిని చూసి ఆకురాయితో రుద్ది సరిచేస్తాడు. వైరసుకు అలా సరిచేసే శిల్పి లేడు. ఒక్క కణంలో దూరిన వైరస్ కొద్ది గంటలలో వేల ప్రతులను తీయిస్తుంది. ఆ ప్రతులలో తప్పులు దొర్లుతాయి. తప్పు దొర్లిన ప్రతే తరువాతివాటికి అచ్చు అవుతుంది.

తప్పువల్ల ఏమవుతుంది? 'కాలువ' అనే మాటలో ఒక అక్షరం మార్చి 'కాలుమ' అని వ్రాస్తే దానికి అర్థమే లేదు. అటువంటి వైరసులు పనికిరాక నశిస్తాయి. చాలా తప్పుల గతి ఇంతే. కాని 'కాలువ'లో దీర్ఘం ఒక్కటి తీసివేయండి, 'కలువ' అవుతుంది! వేరే అర్థం కల కొత్త మాట పుట్టింది. హెచ్ ముల్లు సుమారు 560 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చగా తయారైనది. ఆ దండలో ఒక పూస మారితే, ఒక్కొక్కప్పుడు ముల్లు కొన వంపు మారుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. వైరసుకు బుద్ధి లేదు, కోరిక లేదు. "నేను రేపటినుంచి కోడిలో చేరతాను" అని అది అనుకోదు. తప్పులు వాటంతట అవే దొర్లుతాయి. వాటిలో ఏది నిలవాలో, ఏది నశించాలో తేల్చేది అది చేరిన ప్రాణి శరీరమే. రైతు నారుమడిలో మంచి మొక్క ఉంచి మిగిలినవి పీకినట్టు, బాతు పేగు బాతుకు సరిపడే ముళ్ళను నిలుపుతుంది. కోడి గొంతు కోడికి సరిపడే ముళ్ళను నిలుపుతుంది.

ఇక మన చిక్కు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. హెచ్ ముల్లు తయారైనప్పుడు ఒకే ముక్కగా ఉంటుంది. ఒకానొక చోట దానిని కోసి రెండు ముక్కలు చేస్తేనే అది పని చేస్తుంది. కోసేందుకు కత్తి వైరస్ దగ్గర లేదు. ప్రాణి శరీరంలోని ఎంజైములే కత్తులు. మామూలు పక్షి ఫ్లూ ముల్లును కోయగల కత్తులు పేగులలోనూ, శ్వాసనాళంలోనూ మాత్రమే ఉంటాయి. అందుచేత ఆ వైరస్ అక్కడే ఉండిపోతుంది. బాతు హాయిగా ఈదుతుంది, రెట్టతో పాటు వైరస్ నీటిలో పడుతుంది. చల్లని నీటిలో అది రోజుల తరబడి నిలుస్తుంది.

కోనసీమ పిల్లలకు దీనిని ఇంకా తేలికగా చెప్పవచ్చు. కొబ్బరికాయ ఒలవాలంటే నేలలో పాతిన ఇనుప గునపం కావాలి. గునపం ఉన్నచోటే కాయ ఒలుపు. కాని కాయ పీచు ఎంతో మెత్తబడి, ఏ ఇంటి కత్తిపీటకైనా ఊడి వస్తుందనుకోండి. అప్పుడు ప్రతి ఇల్లూ ఒలుపు శాలే! కోళ్ళలో జరిగింది ఇదే. హెచ్5, హెచ్7 రకాలలో ఒక్కొక్కప్పుడు ఆ కోత స్థానంలో కొన్ని అమైనో ఆమ్లాలు అదనంగా చేరుతాయి. అప్పుడు ముల్లును కోయడానికి ప్రత్యేకమైన కత్తి అక్కరలేదు. శరీరమంతటా ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము కోసేస్తుంది. వైరస్ గుండెకు, మెదడుకు, అన్ని అవయవాలకూ పాకుతుంది. కోడి చనిపోతుంది.

"మాస్టారూ, ఇది కోళ్ళలోనే ఎందుకు పుట్టాలి?" అని మీలో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. అడవి బాతును వెంటనే చంపే వైరస్ ఆ బాతుతోనే ఆగిపోతుంది. చచ్చిన బాతు మరొక చెరువుకు ఎగరలేదు గదా! ఫారంలో అలా కాదు. ఒక కోడి పక్కనే ఇంకొక కోడి, దాని పక్కన మరొకటి, అలా వేలకొద్దీ ఉంటాయి. ఒక కోడిని చంపినా వైరసుకు నష్టం లేదు. మరొక కోడి జానెడు దూరంలోనే ఉన్నది. మనం కోళ్ళను పెంచే తీరే అటువంటి ముళ్ళకు చోటు ఇచ్చింది. ఇటువంటి హెచ్5ఎన్1 వైరస్ ఒకటి 1996లో చైనాలో ఒక బాతు జాతి పక్షిలో కనిపించింది. 1997లో హాంకాంగులో 18 మందికి సోకి, ఆరుగురిని బలిగొన్నది. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ళ ఫారాలలో మొదటిసారిగా మన దేశంలో బయటపడింది. 2024లో నెల్లూరు జిల్లాకూ, మరుసటి ఏడు గోదావరి తీరానికీ వచ్చింది. తిరిగి తిరిగి వలస పక్షులలోకి కూడా చేరిన ఈ వైరస్ ఇప్పుడు కొన్ని బాతులను కూడా చంపుతున్నది.

మరి మన సంగతి ఏమిటి? మన ముక్కులో ఉన్నది ఎక్కువగా రెండవ రకం తాళమని చెప్పుకొన్నాము. కాని ఊపిరితిత్తుల అడుగున, లోలోపల, బాతు తాళం వంటిది కూడా ఉన్నది! జబ్బు కోడిని పట్టుకొన్నవారు, ఈకలు పీకినవారు ఎక్కువ వైరసును పీల్చితే, అది అంత లోతుకు పోయి తగులుకోవచ్చు. అలా తగిలితే జబ్బు చాలా తీవ్రంగా ఉంటుంది. 2003 నుంచి 2025 దాకా ప్రపంచం మొత్తం మీద హెచ్5ఎన్1 సోకినట్టు తేలినవారు వెయ్యికి కాస్త తక్కువ. వారిలో దాదాపు సగంమంది మరణించారు. అయితే ఊపిరితిత్తుల అడుగున ఉన్న వైరస్ దగ్గుతో, తుమ్ముతో సులువుగా బయటికి రాదు. అందుకే ఇది ఒకరినుంచి ఒకరికి ఊరంతా పాకలేదు. మన అదృష్టమంతా ఆ చిన్న వంపులో ఉన్నది.

ఆ వంపు మారకూడదా అంటే, ఇదివరకు మారింది. 1957లో, 1968లో ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూలు రెండూ పక్షి హెచ్ ముల్లు మనిషికి అలవాటు పడడంవల్ల పుట్టినవే. పక్షి వైరస్, మనిషి వైరస్ ఒకే కణంలో కలిసినప్పుడు, ఆ ఎనిమిదేసి తాటాకు చుట్టలు కలగాపులగమై, కొత్త జతలు ఏర్పడ్డాయి. 1957 మే నెలలో ఆ ఫ్లూ ఓడ ఎక్కి మద్రాసు రేవుకు కూడా వచ్చింది. రెండు సార్లూ హెచ్ దండలో 226వ స్థానంలోని పూస ఒకటి, 228వ స్థానంలోని పూస ఒకటి మారాయి. ఆ రెండు పూసల తేడాతో బాతు తాళంచెవి మనిషి తాళంచెవి అయింది!

ఇప్పటి హెచ్5ఎన్1 సంగతి కూడా శాస్త్రజ్ఞులు కన్నార్పకుండా చూస్తున్నారు. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల పొదుగులలోనూ, పాలలోనూ ఈ వైరస్ కనిపించింది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి శాస్త్రజ్ఞులు ఆవుల వైరస్ తాలూకు హెచ్ ముల్లును మాత్రం ప్రయోగశాలలో చేసి చూశారు. 226వ పూస ఒక్కటి మార్చితే చాలు, అది మనిషి తాళాన్ని పట్టుకోగలిగింది. అయితే ముల్లు ఒక్కటే మారితే మహమ్మారి రాదు; లోపలి చుట్టలలో కూడా మార్పులు కావాలి. కనుక బెంగ పడనక్కరలేదు. కాని ఏమరి ఉండడానికి కూడా వీలులేదు.

ముళ్ళు మార్చుకొనే ఈ గుణంవల్లనే మామూలు ఫ్లూ టీకాను తరచు మార్చవలసి వస్తున్నది. మన రక్తం నిరుటి ముల్లును గుర్తుపట్టి ఎదిరిస్తుంది. కాస్త మారిన ముల్లును చప్పున గుర్తుపట్టలేదు. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు సమావేశమై, ఏ ముళ్ళు తిరుగుతున్నాయో చూసి, కొత్త టీకాకు రకాలను ఎంపిక చేస్తుంది.

ఇక మన చేతిలో ఉన్న పని చెబుతాను. వైరస్ ఎన్ని కోళ్ళలో పెరిగితే అన్ని కోట్ల ప్రతులు; ఎన్ని ప్రతులైతే అన్ని తప్పులు; ఎన్ని తప్పులైతే మన తాళానికి సరిపడే చెవి దొరకడానికి అన్ని అవకాశాలు. ఆ అవకాశాలు తగ్గించడమే మన పని.

దొడ్డిలో కోళ్ళు గాని, చేలో బాతులు గాని ఒకేసారి కొన్ని చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టుకోకండి. వెంటనే పెద్దవారికి చెప్పండి. వారు పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. చచ్చిన కోడిని కాలువలో పడవేయడం మహా పాపం. ఆ కాలువ కింది ఊరి బాతులు ఈదే కాలువ, కింది ఊరివారు వాడుకొనే కాలువ. కోళ్ళను, బాతులను ఒకే నీళ్ళ తొట్టి దగ్గరకు చేరనివ్వకండి. కోడిని పట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. వైరస్ మీది కొవ్వు పొర సబ్బుకు కరిగిపోతుంది, ముళ్ళన్నీ చెదిరిపోతాయి. మాంసమూ, గ్రుడ్లూ బాగా ఉడికించి తినండి. లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే వైరస్ బ్రతకదు. పచ్చి మాంసం చంటిపిల్లల చేతికి అందనివ్వకండి.

పెద్దలకు కూడా ఒక మాట. ఫారంలో కోళ్ళు చస్తుంటే "బయటికి పొక్కితే ధర పడిపోతుంది" అని దాచేవారు ఉంటారు. వారి కష్టం నిజమే; అప్పు చేసి కోడిపిల్లను తెచ్చిన రైతు బాధ చిన్నది కాదు. కాని దాచిన ప్రతి రోజూ వైరసుకు ఒక రోజు సెలవు ఇచ్చినట్టే. తీసివేయవలసి వచ్చిన కోళ్ళకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ముందుగా చెబితే ఒక ఫారంతో పోయేది, దాస్తే ఏడు ఊళ్ళను చుడుతుంది.

బాతులను మాత్రం తిట్టకండి, పిల్లలూ. అవి మన చేలను శుభ్రం చేసే నేస్తాలు. వైరస్ వాటి కడుపులో ఎన్నో తరాలుగా ఉంటున్నది.

చివరకు ఒక చిన్న అభ్యాసం. 'కోడి' అనే మాట తీసుకోండి. అందులో ఒకసారికి ఒక్క అక్షరం గాని, ఒక్క గుణింతం గాని మార్చి, ఇరవై కొత్త మాటలు వ్రాయండి. వాటిలో అర్థం ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని లెక్కపెట్టండి. 'కాడి' వస్తుంది, 'కోతి' వస్తుంది. అర్థం లేనివి ఇంకా ఎన్నో వస్తాయి. ఆ తరువాత ఇరవైకి బదులు ఇరవై కోట్ల మార్పులు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కాలువలో చచ్చిన కోడిని ఎందుకు వేయరాదో మీకు ఎవరూ మళ్ళీ చెప్పనక్కరలేదు.